వంటగది మంత్రివర్గానికి చాప ముగింపు

మా శాఖలో ఇంగ్లీషును నిషేధిస్తూ వచ్చిన ఉత్తర్వు ఇంగ్లీషులో వచ్చింది. దాన్ని తెలుగు చేసే పని నా మీద పడింది. ప్రతి జిల్లా కార్యాలయంలోనూ ఒక అనువాద గుమాస్తా ఉండి తీరాలని ఆ ఉత్తర్వులోనే రాశారు. ఆ పూట మా ఆఫీసంతా వెతికితే ముందు కాగితం లేకుండా కూర్చున్నవాణ్ణి నేనొక్కణ్ణే దొరికాను.

ఉత్తర్వు సారాంశం ఏమిటంటే, దస్త్రంలో ఒక్క పరభాషా పదం కనిపించినా దస్త్రం వెనక్కి వస్తుంది. అనువాదం శాఖ అచ్చు వేయించిన నిఘంటువు ప్రకారమే సాగాలి. నిఘంటువులో లేని మాట తగిలితే దానికి దగ్గరగా పలికే మాట తీసుకోవాలి. ఒక మాటకు ఎన్ని అర్థాలున్నా మొదటి అర్థమే అర్థం, రెండో అర్థం జోలికి పోయిన సిబ్బందికి మెమో. ఈ ఆఖరి నిబంధనను మా ఉప సంచాలకులు కోదండపాణి గారు పటం కట్టించి, తన కుర్చీ వెనక గోడకు తగిలించారు.

"అర్థాలు ఎక్కువైన చోట అనర్థం పుడుతుందయ్యా. ఒక మాట, ఒక అర్థం, ఒక సంతకం. పరిపాలన అంటే ఇదే" అనేవారాయన.

నాకు మెమో అంటే చచ్చేంత భయం. నేనప్పటికింకా ప్రొబేషన్‌లో ఉన్నాను. ప్రొబేషన్‌కు మా నిఘంటువులో మొదటి అర్థం 'పరీక్షాకాలం' అని ఉంది. ఆ పుస్తకం మొత్తం మీద అంత సరైన అర్థం ఇంకొకటి లేదు.

అలాంటి రోజుల్లో నూకరత్నం వచ్చింది. మా శాఖ నడిపే ఆడపిల్లల హాస్టల్లో ఆవిడ ఇరవై రెండేళ్లుగా వంటమనిషి. చేతిలో ఒక మెమో, ఒక దుకాణం వాళ్ల అంచనా కాగితం ఉన్నాయి.

మెమో ఎందుకిచ్చారంటే, ఆ నెలలో ఒకనాడు సాంబారు గంగాళంలో బల్లి పడింది. వడ్డించకముందే నూకరత్నం చూసింది. నూట ముప్పై మందికి కాచిన సాంబారంతా పారబోసి, పిల్లలకు ఆ పూట ఆవకాయ వేసి మజ్జిగ పోసింది. అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. జరిగింది జరిగినట్టు వార్డెన్ చేత రిజిస్టరులో రాయించింది. నిజం రాసిన పాపానికి మెమో వచ్చింది: బల్లి తలుపుల్లేని అరల్లోంచే వచ్చింది కాబట్టి, తొంభై రోజుల్లోగా వంటగది అరలకు తలుపులు లేకపోతే వంటమనిషిని తొలగిస్తారు.

"తలుపులు పెట్టాల్సింది ఆపీసోళ్లు, ఉజ్జోగం పోయేది నాదీనా బాబుగోరూ?" అంది నూకరత్నం.

దుకాణం కాగితం వైపు చెయ్యి చాపాను.

"అసలు ఇదంతా అక్కర్లేదండి. పోయిన తుపానుకి హాస్టలు ఎనక ఏపమాను పడిపోయింది. ఏడాదిగా ఎండుతా ఉంది. మా వడ్రంగి బాస్కరాచారి సూసి, కోయించి ఇత్తే నాలుగు తలుపులూ చేసేత్తానన్నాడు. ఏపకి పురుగు రాదంట. కూలీ, బందులు, మేకులు, అంతే కర్సు. కానీ ఆపీసుకి అచ్చు కాగితం కావాలంట కదా, అందుకని టౌన్లో కొట్టుకెళ్లి ఇది రాయించుకొచ్చాం."

టౌన్లో కొట్టువాడు కంప్యూటరు మీద అచ్చు కొట్టి ఇచ్చిన కాగితంలో ఒకే వరస ఉంది: కిచెన్ క్యాబినెట్, ప్లైవుడ్, మ్యాట్ ఫినిష్, లో బడ్జెట్.

నేను నిఘంటువు తెరిచాను. క్యాబినెట్‌కు మొదటి అర్థం 'మంత్రివర్గం'. రెండో అర్థం 'తలుపులు గల అరలు'. రెండోది నేను చూడలేదని అబద్ధమాడను. చూశాను. చూసి, అద్దాల తలుపు అవతల గోడ మీదున్న పటాన్ని కూడా చూశాను. ప్లైవుడ్ పుస్తకంలో లేదు. దగ్గరగా పలికేది ఫ్లై, అంటే ఈగ. మ్యాట్ ఫినిష్ అంటే మెరవని పూతని కొట్టువాడి ఉద్దేశం, పుస్తకంలో మాత్రం మ్యాట్ అంటే చాప. ఫినిష్ అంటే ముగింపు. బడ్జెట్ అంటే ఆయవ్యయ పత్రం. అన్నీ కూడబలుక్కుని దస్త్రంలో ఇలా రాశాను:

"అల్ప ఆయవ్యయ పత్రములో, ఈగ కలపతో, చాప ముగింపు గల వంటగది మంత్రివర్గమును ఏర్పాటు చేయుటను గూర్చి."

ఇది చదివి కోదండపాణి గారు నవ్వుతారనీ, ఆ నవ్వులో అసలు సంగతి చెప్పెయ్యవచ్చనీ నా ఎత్తు. ఆయన నవ్వలేదు. కళ్లజోడు తీసి తుడుచుకుని, లేచి వెళ్లి గది తలుపు మూసి వచ్చారు.

"ఏ జిల్లాలోనైనా వంటగదికి మంత్రివర్గం ఉందా?" అని మెల్లగా అడిగారు.

"నాకు తెలిసి లేదండి."

"అయితే మనదే ప్రథమం" అన్నారాయన. మనిషి కుర్చీలోనే జానెడు ఎత్తు పెరిగారు. "అయితే ఈ ఈగ కలప ఏమిటి? వంటగదిలో ఈగలా? పరిశుభ్రత దృష్ట్యా దీన్ని తిరస్కరించడమైనది అని రాయి."

అలా అన్నిటికన్నా చవకైన చెక్క మొదటి నిమిషంలోనే పోయింది. తరవాత ఆయన అసలు విషయానికి వచ్చారు.

"మంత్రివర్గం అన్నాక సమతూకం ఉండాలయ్యా. ఒకే కలపతో మంత్రివర్గం వేస్తే మిగిలిన కలపలు ఊరుకుంటాయా? ఏజెన్సీకి టేకు. డెల్టాకు మామిడి. మెట్టకు తుమ్మ. సముద్రతీరానికి సరుగుడు. అన్ని ప్రాంతాల కలపకూ ప్రాతినిధ్యం కల్పించాలి. ప్రకటన ఇవ్వు."

ప్రకటన ఇచ్చాను. ఇయ్యకేం చేస్తాను, నా తల్లో జేజెమ్మైనా ప్రొబేషన్‌లో ఉంటే ఇచ్చేది.

వారం తిరక్కుండా మా వరండా సంతలా తయారైంది. మామిడి తోటల సంఘం వాళ్లు వచ్చి, ఎన్నేళ్లని పళ్లిచ్చి మోసపోతాం, ఈసారి చెక్కకు కూడా చోటు కావాలన్నారు. పనస తరఫున ఒక పెద్దమనిషి వచ్చి, పనస చెక్కకు పసుపు వన్నె పుట్టుకతోనే వస్తుంది కాబట్టి మంగళకరమని వినతిపత్రం ఇచ్చాడు. తాటి కలప తరఫున ఎవరూ రాలేదు. రాకపోవడాన్ని కోదండపాణి గారు అలకగా భావించి, బుజ్జగించడానికి ఇద్దరు అటెండర్లను పంపారు. నాలుగు అరలు కాస్తా ఇరవై ఆరయ్యాయి.

మంజూరైన డబ్బు మాత్రం నాలుగు అరలదే. టేకు ఒక్కదానికే అదంతా చాలదు. ఇదీ ఆయనే పరిష్కరించారు. ప్రతి కలపకూ సభ్యత్వం ఉంటుంది కానీ, ఒక్కొక్క అర జానెడు మించకూడదు.

"జానెడు అరలో ఏం పడుతుందండీ?" అని అడిగాను.

"పదవి పడుతుంది" అన్నారాయన.

వేప పేరు కూడా నేను జాబితాలో రాసిపెట్టాను. నా పాపానికి అదొక్కటే ప్రాయశ్చిత్తమని నా ఆశ. ఆయన ఎర్రసిరాతో కొట్టేశారు. పక్కన కారణం కూడా రాశారు: "చేదు స్వభావము. మంత్రివర్గములో ఇమడదు. అసమ్మతి లేవదీయగలదు."

ఈలోగా నూకరత్నం వారానికోసారి మధ్యాహ్నం వంట ముగించుకుని మా వరండాలోకి వచ్చి బల్ల మీద కూచునేది. లెక్క ఆవిడ దగ్గర తప్పేది కాదు. "ముప్పై ఆరయ్యాయండి." "యాభై రెండండి." వచ్చిన ప్రతిసారీ నా ముఖంలోకి చూసేది. నేను దస్త్రంలోకి చూసేవాణ్ణి. వంటింట్లో పప్పు డబ్బాల మీద పాత చీరలు కప్పి, నాలుగు మూలలా ఇటుకలు పెట్టుకుంటోందని వార్డెన్ చెప్పింది. గంగాళం పక్కన వడ్డన అయ్యేదాకా కర్ర పట్టుకుని నిలబడుతోందట. ఆ మాట విన్నప్పుడు నాకు సిగ్గేసింది. సిగ్గు వల్ల దస్త్రం కదలదు కాబట్టి దాన్ని కడుపులోనే పెట్టుకున్నాను.

అరవై ఒకటో రోజున శాఖల కేటాయింపు సమావేశం జరిగింది. మీటింగు హాల్లో ఇరవై ఆరు కుర్చీలు వేసి, తెల్ల తువ్వాళ్లు పరిచి, ఒక్కొక్క కుర్చీలో ఒక్కొక్క చెక్కముక్కను కూర్చోబెట్టారు. ముందు పేరు పలక, మంచినీళ్ల సీసా. సాంకేతిక సలహాదారుగా భాస్కరాచారిని పిలిపించారు. ఆయన చెవి మీది పెన్సిలు తియ్యకుండానే వచ్చి, గుమ్మం దగ్గర నిలబడి, కుర్చీలన్నీ ఒకసారి కలయజూశాడు.

"మీరంతా నిలబడ్డారు, చెక్కలు కూకున్నాయేంటండి?" అన్నాడు నాతో చిన్నగా.

కోదండపాణి గారు గొంతు సవరించుకున్నారు. "సీనియారిటీని బట్టి... క్షమించాలి, జ్యేష్ఠతను బట్టి బియ్యం శాఖ టేకుకు కేటాయించడమైనది. పప్పు శాఖ నల్లమద్దికి. ఉప్పు శాఖ మామిడికి."

ఆచారి ఉలిక్కిపడ్డాడు. "మామిడి చెక్కకి ఉప్పు ఇవ్వకండి బాబూ. ఉప్పు చెమ్మ లాగుద్దండి. మామిడి ఉబ్బిపోద్ది. నెల్లాళ్లకి తలుపు పట్టదు."

"ఉబ్బడం సాంకేతిక విషయం. ప్రాతినిధ్యం విధాన విషయం" అన్నారు కోదండపాణి గారు. "అందరూ ప్రమాణ స్వీకారం చేయవలసి ఉంటుంది. చెక్కల తరఫున ఎవరు చదువుతారు?"

"చెక్కలకి నోరు లేదండి" అన్నాడు ఆచారి.

"నోరు లేకపోవడం పదవికి అనర్హత కాదు" అన్నారాయన. ఎందుకో గానీ గోడ పొడుగునా నిలబడ్డ గుమాస్తాలందరం ఒక్కసారిగా తలలు వంచుకున్నాం.

ఆ రోజు ఇరవై ఐదు శాఖలు పంచారు. మెంతులకూ వాముకూ గొడవ రాకుండా రెండూ సరుగుడుకే ఇచ్చారు. ఇంకా రెండు కలపలు మిగిలితే, ఏ దినుసూ పెట్టని ఖాళీ అరలుగా, శాఖ లేని సభ్యత్వం ఇచ్చి సర్దారు. ఆచారి బయటికి వచ్చి బీడీ ముట్టించుకున్నాడు.

"గుమాస్తాగారూ, మా తాత కాణ్ణించీ చిత్రిక పడతన్నాం. చెక్కని ఎప్పుడూ రెండే అడుగుతాం అండి. ఎండిందా, పురుగు పట్టుద్దా. ఏ ఊరిదానివని ఎప్పుడూ అడగలేదు" అన్నాడు.

ప్రమాణ స్వీకారం కాక ఏ చెక్కా కొనలేదు కానీ, ఎనభయ్యో రోజున ఒక వస్తువు మాత్రం హాస్టలుకు చేరింది. ముగింపు. దస్త్రంలో 'చాప ముగింపు' అని ఉందిగా, సరఫరా విభాగం వాళ్లకు అందులో అర్థమైన మాట అదొక్కటే. సభ్యుడికొకటి చొప్పున ఇరవై ఆరు తుంగచాపలు లారీలో వచ్చాయి. ఏర్పాటు కాకముందే మంత్రివర్గానికి ముగింపు పలికిన ఘనత మా జిల్లాకే దక్కింది. అంతవరకూ చల్లటి గచ్చు మీద కూచుని తింటున్న పిల్లలు మాత్రం చాపలు చూసి గంతులేశారట.

నూకరత్నం మళ్లీ వచ్చింది. ఈసారి కూచోలేదు.

"తలుపులు అడిగితే సాపలు పంపారేంటి బాబుగోరూ? ఈ దస్త్రం రాసింది మీరేనంట గదా. మీకు అర అంటే ఏంటో తెల్దా? మీ ఇంట్లో వంటిల్లు లేదా?"

అంత సూటిగా నన్నెవరూ, ఎప్పుడూ అడగలేదు. "తెలుసు నూకరత్నమ్మా. తెలిసే రాశాను" అన్నాను. ఆవిడ "పది రోజులే ఉన్నాయండి" అని వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం ధైర్యం చేసి కోదండపాణి గారి గదిలోకి వెళ్లాను. ప్రమాణ స్వీకారమైనా త్వరగా కానిచ్చేస్తే, కనీసం జానెడు తలుపులైనా వస్తాయని మనవి చేశాను. ఆయన పంచాంగం చూపించారు.

"ఆషాఢంలో మంత్రివర్గమా? శ్రావణం రానీ."

మెమోలో ఆషాఢం లేదు. తొంభై రోజులూ నిండాయి. తొంభై ఒకటో రోజు ఉదయం ప్రధాన కార్యాలయం నుంచి ఉత్తర్వు వచ్చింది. ఇంగ్లీషును నిషేధించిన పెద్దలు ఇంగ్లీషులోనే రాశారు: గడువు ముగిసినందున సదరు వంటమనిషిని తక్షణమే రిలీవ్ చేయవలెను.

"అనువదించి పట్టుకురా. ఇవాళే అమలు చెయ్యాలి" అన్నారు కోదండపాణి గారు. పాపం, ఆయనకూ సంతోషంగా లేదు. కానీ ఆయన సంతోషంతో ఉత్తర్వుకు పని లేదు.

నేను బల్ల దగ్గర కూచుని చాలాసేపు నిఘంటువు తెరవలేదు. తెరిస్తే ఆవిడ ఉద్యోగం నా చేతి రాతతో పోతుంది. బల్లి పడ్డ రోజున గంగాళమంతా పారబోసి నిజం చెప్పిన మనిషి ఆవిడ. తెలిసి తెలిసి అబద్ధం రాసిన మనిషిని నేను. చివరికి ఆ మాటున్న పేజీ తీసి, దాని మీద వేలు పెట్టాను.

రిలీవ్. ఒకటి: ఊరట కలిగించు. రెండు: విధుల నుంచి తప్పించు.

మూడుసార్లు చదివాను. తరవాత నా జన్మలో ఎన్నడూ రాయనంత గుండ్రటి అక్షరాలతో రాశాను: "సదరు వంటమనిషికి తక్షణమే ఊరట కలిగించవలెను."

కోదండపాణి గారు చదివారు. నా వైపు చూశారు. మళ్లీ చదివారు.

"ఇదేమిటయ్యా?"

"ఊరటండి."

"పైవాళ్ల ఉద్దేశం ఇది కాదేమో. దీనికి రెండో అర్థం..." అంటూ ఆయన నిఘంటువు మీద చెయ్యి వేశారు.

"ఉందండి" అన్నాను. "వెతికితే మెమో వస్తుందండి."

ఆయన తలెత్తి వెనక గోడ మీది పటాన్ని చూశారు. నిప్పు తగిలినట్టు చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

"తక్షణమే అని ఉంది" అన్నారు చివరికి.

"అవునండి."

"ఊరట అంటే... ఏ మేరకు?"

"పొందేవాళ్లనే అడగాలండి. బయట బల్ల మీద ఉంది."

నూకరత్నం లోపలికి వచ్చింది. ఎందుకు పిలిచారో తెలుసనుకుంది కాబోలు, చెంగు ముడి విప్పి, వంటగది తాళాల గుత్తి తీసి, బల్ల మీద పెట్టింది. "గంగాళాలు తోమేసి బోర్లించానండి. పొద్దుటికి పప్పు నానబోసుంది, ఎవరొత్తే వాళ్లకి సెప్పండి" అంది. తాళాల మీంచి చెయ్యి తియ్యడానికి మాత్రం కొంచెం ఆలస్యమైంది.

"అది తీసుకోమ్మా" అన్నారు కోదండపాణి గారు ఇబ్బందిగా. "నీకు ఊరట కలిగించమని ఉత్తర్వు. ఏం చేస్తే నీకు ఊరట?"

ఆవిడ ఆయన్ని చూసింది, నన్ను చూసింది. ఇది కూడా ఏదో చాపల బేరమే అనుకున్నట్టుంది. నేను తల ఊపాను.

"నాలుగు తలుపులండి" అంది. "ఏప చెక్కవి."

"వేపా? వేప అసమ్మతి వర్గం..."

"ఇది మంత్రివర్గం కాదండి, ఊరట" అన్నాను గబగబా. "ఊరటకు సమతూకం అక్కర్లేదండి. ఆషాఢం కూడా అడ్డు రాదండి."

ఆయన కలం తీశారు. సంతకానికి ముందు ఒక్క క్షణం ఆగి, నా వైపు అదో రకంగా చూశారు. ఆయనకు అంతా తెలుసేమో అని ఇప్పటికీ నాకో అనుమానం. నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

వేపమాను ఆ మధ్యాహ్నమే కోతమిల్లుకు వెళ్లింది. ఆచారి నాలుగు రోజులు హాస్టలు వెనకే చిత్రిక పట్టాడు. రంగు లేదు, మెరుగు లేదు. అవిసె నూనె రెండు పూతలు గుడ్డతో రుద్ది ఆరబెట్టాడంతే. మంజూరైనదాంట్లో సగం కూడా కాలేదు. ప్రధాన కార్యాలయానికి నివేదిక, వాళ్ల లాగే ఇంగ్లీషులో, ఒకే మాట పంపాం: రిలీవ్డ్. వాళ్ల అర్థం వాళ్లకు, మా అర్థం మాకు. ఎవరైనా వచ్చి అడిగితే చూసుకోవచ్చు, నిఘంటువు నా దగ్గరే ఉంది.

ఆ శనివారం కోదండపాణి గారు హాస్టలు తనిఖీకి వచ్చారు. పిల్లలు చాపల మీద బంతి తీరి కూచుని సాంబారన్నం తింటున్నారు. ఆయన వంటింట్లోకి వెళ్లి కొత్త తలుపుల మీద వేలు రాసి, వాసన చూసి, నా చేతిలోని దస్త్రం వైపు తిరిగారు.

"అంతా బాగుంది. కానీ ఏ ముగింపని రాసుకోవాలి? ఇందులో ముగింపు కనిపించడం లేదే" అన్నారు.

నూకరత్నం కందిపప్పు డబ్బా లోపల పెట్టి, తలుపు మూసి, గడియ పెట్టింది.

"ఇదేనండి" అంది.